వరద సహాయంలో చర్చిల ఉమ్మడి కృషి: విశాఖపట్నం నేపథ్యం

పరిచయం

విపత్తు హెచ్చరిక కలెక్టరు కార్యాలయం నుంచి వార్డు సచివాలయం వరకు ఎలా చేరుతుందో, ఏ శాఖ ఏ పని చేయాలో మీరు గత పాఠాలలో చదివారు. ఈ పాఠంలో ప్రభుత్వ యంత్రాంగానికి బయట జరిగే పనిని పరిశీలిద్దాం. గాలివాన వెలిసిన మర్నాడు ఉదయం, రెవెన్యూ సిబ్బంది ఇంకా రాకముందే, వీధిలోకి వచ్చే వాళ్లు ఎవరు? గుడి కమిటీ వాళ్లు, మసీదు కమిటీ వాళ్లు, యువజన సంఘం కుర్రవాళ్లు, చర్చి పెద్దలు. ఎవరింట్లో మంచం పట్టిన ముసలమ్మ ఉందో, ఎవరికి నెలలు నిండాయో చూడకుండానే చెప్పగలిగే వాళ్లు వీళ్లే.

ఇందులో చర్చిలనే ఎందుకు ఎంచుకున్నామంటే, ఒకే వీధిలో నాలుగైదు సంఘాలు వేర్వేరుగా ఉండే పరిస్థితి వాటిలో ఎక్కువ. అందువల్ల ‘కలిసి పనిచేయడం’ అనే సమస్య ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ నేర్చుకున్నది మీరు ఏ స్వచ్ఛంద సంస్థకైనా అన్వయించుకోవచ్చు.

విశాఖ నేల, నీరు

విశాఖపట్నంలో వరద అంటే గోదావరి వరదలాగా రోజుల తరబడి మెల్లగా పెరిగేది కాదు. ఒకవైపు సింహాచలం కొండల వరుస, మరోవైపు యారాడ కొండ, డాల్ఫిన్స్ నోస్. మధ్యలో పల్లపు నేల. కొండల మీద కురిసిన వాన గెడ్డల గుండా దిగి వస్తుంది. ఉత్తరాంధ్రలో వాగును గెడ్డ అంటారని ఇతర జిల్లాల విద్యార్థులు గమనించాలి. మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ వంటివి చివరకు చేరేది ఓడరేవు పక్కనున్న పల్లానికే. ఓడరేవు కట్టకముందు అదంతా ఉప్పుటేరు, చిత్తడి నేల. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు కొండనీరు దిగితే నీటికి దారి ఉండదు. గెడ్డ ఒడ్డున ఇల్లు కట్టుకున్న వాళ్లు, కొండవాలులో రేకుల ఇళ్లు వేసుకున్న వాళ్లు ముందుగా దెబ్బ తింటారు. 2012 నవంబరులో నీలం తుపాను తరువాతి వానలు, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ తుపాను వానలు ఈ విషయాన్ని మళ్లీ మళ్లీ చూపించాయి.

2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల వేగంతో, మధ్యాహ్నం వేళ, తుపాను కేంద్రం నేరుగా నగరం మీదుగానే దాటింది. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తి ఆగిపోయింది, విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. పాల ప్యాకెట్టు కోసం, పెట్రోలు కోసం జనం గంటల తరబడి క్యూలలో నిలబడ్డారు. ఆ రోజు ఆదివారం. నగరంలో ఏ చర్చిలోనూ ఎప్పటిలా ఆరాధన జరిగే పరిస్థితి లేదు. కానీ గాలి తగ్గాక చాలాచోట్ల మొదట తెరిచిన తలుపులు ఆ మందిరాలవే. గోడలు గట్టివి, హాలు పెద్దది, తాళం ఎవరి దగ్గరుందో వీధి మొత్తానికి తెలుసు.

ఒకే ఊళ్లో ఇన్ని సంఘాలు ఎందుకున్నాయి?

ఈ ప్రశ్నకు జవాబు తెలియకపోతే సహాయంలో వచ్చే చిక్కులు అర్థం కావు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. తెలుగులోకి సువార్తలను అనువదించే పని ఇక్కడే సాగింది. తరువాత ఆ మిషన్ తన పనిని కెనడియన్ బాప్టిస్టులకు అప్పగించింది. కథోలిక గురువులు 1846 నాటికే ఇక్కడికి చేరుకున్నారు. ప్రొటెస్టంటు మిషన్లు తమలో తాము పోటీ పడకుండా తెలుగు నేలను ఇంచుమించుగా పంచుకున్నాయి. ఉత్తర కోస్తా కెనడియన్ బాప్టిస్టులది, గుంటూరు ప్రాంతం లూథరన్లది, కృష్ణా ఆంగ్లికన్లది, ఒంగోలు, నెల్లూరు అమెరికన్ బాప్టిస్టులవి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి కొన్ని శాఖలు ఒకటైనా, బాప్టిస్టులు, లూథరన్లు అందులో చేరలేదు. ఈ పంపకం వల్ల పల్లెలో సాధారణంగా ఒకే సంఘం ఉండేది. ఎవరితోనైనా కలిసి పనిచేయవలసిన అవసరం ఆ పల్లె సంఘానికి రాలేదు.

విశాఖ నగరం ఈ గీతలన్నిటినీ చెరిపేసింది. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది, 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు. ఓడరేవులో, ఉక్కులో, రైల్వేలో ఉద్యోగాల కోసం గుంటూరు లూథరన్లు, బొబ్బిలి బాప్టిస్టులు, కేరళ కథోలికులు ఒకే క్వార్టర్లలోకి వచ్చారు. వాళ్ల వెనుక పెంతెకోస్తు సంఘాలు, ఆ తరువాత ఇంటి గదిలో మొదలై రేకుల షెడ్డుగా మారిన స్వతంత్ర సంఘాలు వచ్చాయి. కర్మాగారం కోసం భూములిచ్చిన నిర్వాసితుల కాలనీలు గాజువాక చుట్టూ వెలిశాయి. అంటే గెడ్డ ఒడ్డున ఉన్న ఒకే కాలనీలో అయిదు సంఘాల వాళ్లు ఇరుగుపొరుగున ఉంటారు. వాళ్ల పెద్దలు మాత్రం ఒకరి గుమ్మం ఒకరు తొక్కి ఉండకపోవచ్చు.

నిర్ణయం తీసుకునే పద్ధతి కూడా ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. కథోలిక విచారణలో ఫాదరు మేత్రాసనానికి తెలియజేయాలి. అక్కడి నుంచి సామాజిక సేవా విభాగం, అవసరమైతే 1962లో ఏర్పడిన కారితాస్ ఇండియా వరకు విషయం వెళుతుంది. సహాయం కొంత ఆలస్యంగా వచ్చినా గోదాము ఉంటుంది, లెక్కలు పక్కాగా ఉంటాయి. బాప్టిస్టు సంఘం తనకు తానే స్వతంత్రం. సంఘ పెద్దలు కూర్చుని తీర్మానించుకోవాలి. స్వతంత్ర సంఘంలో పాస్టరుగారు గంటలో నిర్ణయం తీసుకొని సాయంత్రానికి పొయ్యి వెలిగించగలరు. కానీ మూడో రోజుకి బియ్యం అయిపోతాయి, రసీదులు దొరకవు. వీరిలో ఎవరు మెరుగు అని అడగడం అర్థం లేని ప్రశ్న. మొదటి రోజుకు ఒకరు, పదో రోజుకు మరొకరు కావాలి.

దివిసీమ నుంచి వచ్చిన పాఠం

1977 నవంబరు 19న కృష్ణా డెల్టాను ముంచిన ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. దేశం నలుమూలల నుంచి సంస్థలు వచ్చాయి. వాటిలో కాసా ఒకటి. దేశ విభజన కాందిశీకుల కోసం 1947లో చర్చిలు కలిసి పెట్టుకున్న సహాయ కమిటీ నుంచి పుట్టిన సంస్థ ఇది. ప్రొటెస్టంటు, ఆర్థొడాక్సు సంఘాల ఉమ్మడి సేవా విభాగం. దివిసీమ తరువాత కాసా బట్టలు, బియ్యంతో ఆగకుండా కోస్తా గ్రామాల్లో తుపాను రక్షణ భవనాలు కట్టింది. మామూలు రోజుల్లో బడిగానో సమావేశాల గదిగానో, తుపాను వేళ ఊరందరికీ నీడగానో ఉపయోగపడేలా వాటిని రూపొందించారు. ప్రభుత్వమూ ఇతర సంస్థలూ ఇటువంటివి కట్టాయి.

1990 మే 9న మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీవ్ర తుపాను తీరం దాటింది. ఈసారి మృతులు 967 మంది. ఈ తేడాకు ప్రధాన కారణం ముందస్తు హెచ్చరిక, లక్షలాది మందిని తరలించడం. తరలించిన వాళ్లను ఉంచడానికి గట్టి కట్టడాలు ఉండటం కూడా అందులో ఒక భాగం. పరీక్షలో చాలామంది ‘రక్షణ భవనాల వల్ల ప్రాణాలు నిలిచాయి’ అని ఒక్క కారణమే రాస్తారు. అది సగం జవాబు మాత్రమే. భవనం ఉన్నంత మాత్రాన చాలదు. అందులోకి అందరినీ రానివ్వాలి కదా. పల్లెల్లో ఏ వాడ పక్కన కట్టారు, తాళం ఏ కులం వారి చేతిలో ఉంది అన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న. కోస్తా క్రైస్తవ సంఘాల్లో దళిత కుటుంబాలు చాలా ఎక్కువ కాబట్టి ఈ ప్రశ్న చర్చిలకు ఇంటి విషయమే.

అయిదు పుస్తకాలు, ఒక వీధి

ఇక్కడ స్వానుభవం ఒకటి చెప్పుకుంటాను. హుద్‌హుద్ తరువాత గాజువాక వైపు గెడ్డ ఒడ్డు కాలనీ ఒకదానిలో పనిచేసిన సహాయ బృందంలో నేనూ ఉన్నాను. నా పని సరుకుల లెక్క రాయడం. అయిదు సంఘాల నుంచి బాధితుల పేర్లు రాసిన అయిదు నోటు పుస్తకాలు వచ్చాయి. మేము వాటిని ఒకచోట కలిపి టోకెన్లు పంచేశాం. బియ్యం, పప్పు, దుప్పటి ఇచ్చాం. పని చక్కగా జరిగిందని సంతోషించాం కూడా.

రెండు రోజుల తరువాత మా దూరవిద్య విద్యార్థి ఒకతను, ఉక్కులో కాంట్రాక్టు పని చేసుకుంటూ బి.ఏ. చదివేవాడు, ఆ పుస్తకాలు ముందేసుకుని కూర్చుని, ‘సార్, ఈ అమ్మ పేరు మూడు పుస్తకాల్లో ఉంది’ అన్నాడు. ఆవిడ ఆదివారం బాప్టిస్టు మందిరానికి వెళుతుంది. శుక్రవారం పక్కవీధిలో ఉపవాస ప్రార్థనకు వెళుతుంది. కొడుకు ఉద్యోగం కోసం నవదిన ప్రార్థనలకు కథోలిక దేవాలయానికి కూడా వెళుతోంది. ముగ్గురూ ఆమెను తమ మనిషే అనుకున్నారు. ఆవిడ చేసిన తప్పేమీ లేదు, మూడుసార్లు పిలిచారు, మూడుసార్లు వచ్చింది. కానీ ఆవిడ ఇంటి వెనుక, గెడ్డకు ఇంకా దగ్గరగా, ఒడిశా నుంచి కూలికి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. ఆ ఇళ్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్లు ఏ సంఘానికీ చెందరు. రేషన్ కార్డు ఊళ్లో ఉండిపోయింది కాబట్టి ప్రభుత్వ జాబితాలోనూ లేరు. నాలుగు రోజులు వాళ్లు ఎలా గడిపారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. వాళ్ల పసిపిల్లకు అప్పటికే విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రికి తీసుకెళ్లడంతో కోలుకుంది.

మా లోపం ఎక్కడుంది? మనుషులు మంచివాళ్లే, సరుకూ చాలినంత ఉంది. జాబితా తప్పు. అవి సభ్యుల జాబితాలు, వీధి జాబితా కాదు. సంఘానికి తన సభ్యుల గురించి తెలిసినంత మరెవరికీ తెలియదు, అదే దాని బలం. అయితే సభ్యుల చుట్టూ గీసిన గీత బయట ఉన్న మనిషి సంఘానికి కనిపించడు. అయిదు సంఘాలు అయిదు జాబితాలను కలిపినంత మాత్రాన ఉమ్మడి కృషి అవదు, అయిదు గుడ్డి మూలలు అలాగే మిగులుతాయి. ఉమ్మడి కృషి అంటే ఇంటి నంబరు వరుసలో, నంబరు లేని గుడిసెలతో సహా, ఒకే జాబితా తయారు చేయడం.

ఆ తరువాత మేము అనుసరించిన పద్ధతి చాలా సాదాది. వేర్వేరు సంఘాలకు చెందిన ఇద్దరిని జతగా పంపాం, వీలైతే ఒకరు స్త్రీ. తమ సంఘం వాళ్ల ఇంటి దగ్గర ఒకరు ఉదారంగా రాస్తే రెండోవారు ఊరుకోరు. ప్రతి గుమ్మం దగ్గరా అడిగింది నాలుగే ప్రశ్నలు: ఎంతమంది ఉంటున్నారు, అయిదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, లేవలేని వాళ్లు ఉన్నారా, ఇల్లు నిలిచి ఉందా, ఇప్పటివరకు ఏం అందింది. మతం గడి లేదు. సంఘం గడి కూడా తీసేశాం. ఆ గడి తీయడానికి జరిగిన వాదన సర్వే కంటే ఎక్కువ సేపు పట్టిందని ఒప్పుకోవాలి. పంపిణీకి ఏ మందిరాన్నీ కాకుండా బడి ఆవరణను ఎంచుకున్నాం. బ్యానర్లు వద్దనుకున్నాం. వంట ఒకరికి, గోదాము ఒకరికి, ఆటోలు, మోత పని యువకులున్న సంఘానికి అప్పగించాం. అంటే కాలనీని ముక్కలుగా పంచుకోకుండా పనిని పంచుకున్నాం. ప్రాంతాన్ని పంచుకుంటే పాత మిషన్ల పంపకమే మళ్లీ వస్తుంది.

చట్టం, నియమావళి

ఈ పద్ధతి మా మంచితనం మీద ఆధారపడింది కాదు. విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 61వ సెక్షన్ ప్రకారం పరిహారం, సహాయం అందించడంలో లింగం, కులం, సముదాయం, వంశం, మతం ప్రాతిపదికన వివక్ష చూపరాదు. 1994లో రెడ్‌క్రాస్ ఉద్యమమూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి ప్రకటించిన ప్రవర్తనా నియమావళిలో 10 సూత్రాలు ఉన్నాయి. అవసరం ఒక్కటే కొలమానం అన్నది రెండోది. రాజకీయ, మత దృక్పథాల వ్యాప్తికి సహాయాన్ని వాడుకోరాదన్నది మూడోది. విద్యార్థులు తరచు గమనించని విషయం ఏమిటంటే, ఈ నియమావళిని రూపొందించిన సంస్థల్లో ప్రపంచ చర్చిల మండలి, లూథరన్ ప్రపంచ సమాఖ్య, కారితాస్ అంతర్జాతీయ సంస్థ ఉన్నాయి. చర్చిల మీద బయటివాళ్లు పెట్టిన నిబంధన కాదది, చర్చిలు తమకు తాము పెట్టుకున్నది. బియ్యం సంచి చేతికిచ్చే ముందు ప్రార్థనకు కూర్చోబెట్టడం ఆ మూడో సూత్రానికి విరుద్ధం. తిన్న తరువాత బాధితులే అడిగితే పాస్టరుగారు ప్రార్థించడం వేరు.

డబ్బు విషయంలో మరో హద్దు ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ తరువాత, విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. కాబట్టి అయిదు సంఘాలు అన్ని విరాళాలనూ ఒకే ఉమ్మడి నిధిలో వేద్దామనుకుంటే చట్టాన్ని ఉల్లంఘించినట్లవుతుంది. విదేశీ సొమ్ము వచ్చిన సంస్థ తానే కొనాలి, తానే ఖర్చు చూపాలి. స్థానికంగా పోగైన కానుకలకు వేరే ఖాతా, వేరే రసీదు పుస్తకం ఉండాలి. కలపగలిగినవి మరికొన్ని ఉన్నాయి: జాబితా, గోదాము, వాహనాలు, మనుషులు. అసలు కొరత వచ్చేది సాధారణంగా వీటికే.

హాలులో ఎంతమంది పడతారు?

స్ఫియర్ అనే అంతర్జాతీయ కనీస ప్రమాణాల ప్రకారం తాత్కాలిక నివాసంలో మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు, రోజుకు 15 లీటర్ల నీరు, 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. ఒక చర్చి హాలు 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉందనుకోండి. వైశాల్యం 1,800 చదరపు అడుగులు, అంటే సుమారు 167 చదరపు మీటర్లు. దాన్ని 3.5తో భాగిస్తే 47 మంది. ఆదివారం మూడు నాలుగు వందల మంది కూర్చునే హాలు రాత్రి పడుకోవడానికి 47 మందికే చాలుతుంది. వాళ్లకు రోజుకు 705 లీటర్ల నీరు, మూడు మరుగుదొడ్లు కావాలి. చాలా మందిరాల్లో ఉండేది ఒకటే మరుగుదొడ్డి, అదీ పాస్టరుగారింటిది.

‘మా చర్చిలో అయిదు వందల మందికి ఆశ్రయం ఇస్తాం’ అని ఎవరైనా ముందుకొచ్చినప్పుడు మర్యాదగా టేపు తీసి కొలవండి. ఒక కాలనీ మొత్తాన్ని ఒక సంఘం మోయలేదని ఈ లెక్క ఒక్కటే తేల్చేస్తుంది. బాలింతలు, పసిపిల్లల తల్లులు ఒక హాలులో, మంచం పట్టిన వాళ్లు మెట్లు లేని మరో హాలులో అని పంచుకోవలసి వస్తుంది.

వంట గురించి ఒక చిన్న మాట. పొట్లాలు కట్టి పంపవలసి వస్తే పులిహోర కట్టండి, చింతపండు పులుపు వల్ల కొన్ని గంటలు ఆగుతుంది. సాంబారన్నం మధ్యాహ్నానికే పాడవుతుంది. హుద్‌హుద్ తరువాత ఎంతో ప్రేమగా వండి, చెట్లు పడిన రోడ్డు మీద ఆగిపోయిన ఆటోలో పులిసిపోయిన అన్నాన్ని నేను కళ్లారా చూశాను.

హెచ్చరిక వచ్చినప్పుడు

ఓడరేవు ఎగురవేసే ప్రమాద సూచికల గురించి విశాఖ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1, 2 నంబర్లు దూరాన ఉన్న తుపానుకు, 3, 4 స్థానిక జాగ్రత్తకు, 5 నుంచి 7 ప్రమాదానికి, 8 నుంచి 10 మహా ప్రమాదానికి గుర్తు. 11వ నంబరు ఒకటుంది. వాతావరణ హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. హుద్‌హుద్ నాడు మన సెల్‌ఫోన్ల పరిస్థితీ ఇంచుమించు అదే. అందుకే వీధి జాబితా ఫోనులో ఉంటే సరిపోదు, కాగితం మీద ఉండాలి. 3వ నంబరు పడినప్పుడు సంఘాల ప్రతినిధులు ఒకసారి కలిసి తాళాలు ఎవరి దగ్గరున్నాయో, నీళ్ల ట్యాంకులు నిండాయో చూసుకుంటే చాలు. 8వ నంబరు పడ్డాక సమావేశం పెట్టుకోవడం వృథా. అప్పటికి గెడ్డ ఒడ్డు ఇళ్లు ఖాళీ చేయించే పని మొదలై ఉండాలి. అది అధికారుల ఆజ్ఞ ప్రకారం, వార్డు సచివాలయంతో కలిసి జరగాలి.

క్షేత్ర అభ్యాసం

మీ ఇంటికి దగ్గరలో గెడ్డ, కాలువ లేదా చెరువు గట్టు పక్కనున్న ఒక వీధిని ఎంచుకోండి. మీ మతానికి, సంఘానికి చెందని మరో విద్యార్థితో జత కట్టండి. ఆ వీధిలోని ప్రతి ఇంటినీ, నంబరు లేని వాటితో సహా, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలలో మొదటి మూడింటితో నమోదు చేయండి. ఎవరి పేరునైనా వాళ్ల అనుమతితోనే రాయండి. తరువాత ఆ వీధిలోని చర్చి, గుడి లేదా మసీదు పెద్దలను కలిసి, తమకు తెలిసిన కుటుంబాలు ఎన్నో అడిగి, మీ జాబితాతో పోల్చండి. వాళ్ల లెక్కలో లేని ఇళ్లు ఎక్కడున్నాయో పటం గీసి గుర్తించండి. సమీపంలోని ఒక హాలును కొలిచి, ఎంతమంది పడతారో లెక్క కట్టండి. జాబితా రెండు ప్రతులు రాసి, ఒకటి వార్డు సచివాలయంలో ఇవ్వండి, రెండోది నీరు తగలకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి తదుపరి కాంటాక్ట్ తరగతికి తీసుకురండి.